నేతి పీతలు, ఒక షార్డనే

షార్డనే అనే తెల్ల వైన్ తెరిచే రోజు ఇంట్లో చేపల పులుసు, గోంగూర వండకండి. మిగతాదంతా చదవకపోయినా ఈ ఒక్క మాట వింటే చాలు. "మన తిండికి ఏ వైన్ బావుంటుంది?" అని అడిగేవాళ్లు మన తిండంతా ఒకటే అనుకుంటారు. నెయ్యి వేసిన ముద్దపప్పూ, పులుసూ, ఆవకాయా ఒకటెలా అవుతాయి?

మేముండేది కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో. ట్రాఫిక్ కరుణిస్తే రెండు గంటల్లో సొనోమా కౌంటీలో షార్డనే ద్రాక్ష పండే రష్యన్ రివర్ వ్యాలీకి చేరుకోవచ్చు. పసిఫిక్ మీంచి రాత్రిపూట పొగమంచు లోయలోకి దిగి, పొద్దెక్కేదాకా అక్కడే ఉంటుంది. ఆ చల్లదనానికి ద్రాక్ష నిదానంగా పండుతుంది. పులుపు పోకుండానే తీపి ఎక్కుతుంది. పులిసేటప్పుడు ఆ తీపి దాదాపు అంతా ఆల్కహాల్ అయిపోతుంది కాబట్టి వైన్‌లో చక్కెర మిగలదు. డ్రై అంటే అదే. ఆల్కహాల్ మాత్రం 14 శాతం దాకా ఉంటుంది. నోట్లో బరువుగా అనిపించడానికి సగం కారణం అదే. తేలికపాటి వైన్‌కీ దీనికీ ప్యాకెట్ పాలకీ గేదె పాలకీ ఉన్నంత తేడా ఉంటుంది.

రెండో సగం పీపాలో జరుగుతుంది. పచ్చి ఆపిల్‌లో ఉండే మాలిక్ ఆమ్లాన్ని ఒక రకం బ్యాక్టీరియా లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. అప్పుడు పులుపు పదును తగ్గి, డైఅసిటైల్ అనే పదార్థం పుడుతుంది. వెన్న వాసన దానిదే. పీపా అడుగున చేరిన ఈస్ట్ మడ్డిని అప్పుడప్పుడూ కర్రతో కలుపుతూ ఉంటే వైన్ చిక్కబడుతుంది. లోపల కాల్చిన ఓక్ పీపా నుంచి వెనిల్లా, కాల్చిన బ్రెడ్ వాసనలు వస్తాయి.

కిందటిసారి మా బావగారు కాకినాడ నుంచి వచ్చినప్పుడు గ్లాసు వాసన చూసి, "ఏమ్మా, ఇందులో నెయ్యేమైనా వేశారా?" అన్నారు. వైన్ గురించి ఒక్క ముక్క చదవని మనిషి. టేస్టింగ్ రూముల్లో అరగంట లెక్చర్ ఇచ్చేవాళ్ల కంటే ఆయనకే బాగా పట్టుబడింది. "అందుకే బావగారూ, ఇవాళ మీకు నేతి పీతలు" అన్నాను.

అలాగని కాలిఫోర్నియా షార్డనే అంతా వెన్నే అనుకోకండి. 1976లో ప్యారిస్‌లో సీసాల మీది పేర్లు కనపడకుండా దాచి పెట్టిన పోటీలో, ఫ్రెంచ్ జడ్జీలు తమ దేశపు బర్గండీ ప్రాంతం వైన్లను కాదని తెల్ల వైన్లలో మొదటి స్థానం ఇచ్చింది షాటో మాంటెలెనా 1973 షార్డనేకి. ఆ వైనరీ సొనోమా పక్కనున్న నాపాలో ఉన్నా, ఆ సీసాలోని ద్రాక్ష ఎక్కువగా మా సొనోమాదే. (మా అనేస్తున్నాను, ఇన్నేళ్ల నుంచి ఇక్కడే ఉంటున్నాం మరి.) ఆ వైనరీవాళ్లు షార్డనేకి ఆ వెన్న వాసన తెచ్చే పని చేయించరు. అందుకే కొనేముందు షాపువాళ్లని అడగడం మంచిది. పీతలకైతే నాకు వెన్న ఉన్నదే కావాలి.

ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే పోసేస్తే చలికి వాసనలన్నీ ముడుచుకుపోతాయి. అరగంట ముందే బయట పెట్టండి. 10 నుంచి 13 డిగ్రీల మధ్య తాగితే బావుంటుంది. పెద్ద బొజ్జ ఉన్న గ్లాసులో మూడో వంతుకి మించి పోయొద్దు. మొదట ఓక్ వాసన ఒక్కటే ముక్కుకి తగులుతుంది. కాసేపాగితే మగ్గిన పియర్, పసుపు ఆపిల్, ఆ తర్వాత వెన్న బయటికొస్తాయి. మింగాక దవడల పక్కన నీరూరుతుందా లేదా చూడండి. ఊరకపోతే బరువే గాని ప్రాణం లేని వైనన్నమాట, ఇంకో గ్లాసు తాగబుద్ధి కాదు.

మేం వండేది డంజినెస్ పీత. శీతాకాలంలో ఇక్కడ దొరుకుతుంది, కండ తియ్యగా ఉంటుంది. ఉప్పు నీళ్లలో ఉడికించి, డిప్పలు పగలగొట్టి, వెల్లుల్లి వేయించిన నేతిలో దొర్లించి, కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు చల్లుతాను. అంతే. కారం లేదా అని మా ఆయన మొహం చిన్నబుచ్చుకుంటారు. కారం మంటని ఆల్కహాల్ రెట్టింపు చేస్తుంది, ఓక్ చేదు పైకి తేలుతుంది. అందుకే ఆవకాయ సీసా ఆ పూటకి బల్ల మీదకి రాదు. నిమ్మకాయ కూడా వద్దు. నాలుక మీద పులుపు ముందే ఉంటే వైన్‌లో పులుపు తెలియక చప్పగా అనిపిస్తుంది. ఉప్పు మాత్రం సరిగ్గా పడాలి, దాంతో వైన్ ఇంకా మెత్తబడుతుంది.

పీతలు దొరకనప్పుడు కొబ్బరిపాలతో రొయ్యలు చేస్తాను. టొమాటో వేయను, ఉల్లిపాయ ఎర్రబడనివ్వను, రెండు పచ్చిమిరపకాయలు చీరి వేసి తర్వాత తీసేస్తాను. జీడిపప్పు, గసగసాలు నూరి వేసిన కోడి కూర కూడా బావుంటుంది. శాకాహారులకి ముద్దపప్పు, ధారాళంగా నెయ్యి, పక్కన కంద వేపుడు. ఇది చెప్తే నవ్వుతారు గానీ, మా ఆడపడుచు ఒకసారి తిన్నాక ఇప్పుడు అదే అడుగుతుంది. వెన్న రాసిన మొక్కజొన్న కండె ఉన్నా ఆ పూట గడిచిపోతుంది.

పులుసు తప్పదనుకుంటే ఆ రోజుకి కొంచెం తీపున్న రీస్లింగ్ అనే ఇంకో తెల్ల వైన్ తెచ్చుకోండి. దాని సంగతి ఇంకోసారి రాస్తాను.