వానకన్నా ఎదురుగాలే: ఆగస్టులో వరంగల్ రోడ్డుపై 200 కిలోమీటర్లు

సైకిల్‌పై 200 కిలోమీటర్లు తొక్కానని చెప్పగానే "ఎన్నో స్థానం వచ్చింది?" అని అడిగేవారే ఎక్కువ. బ్రెవే అంటే నిర్ణీత దూరాన్ని గడువులోపు సొంతంగా పూర్తి చేయాల్సిన సైకిల్ ప్రయాణం, అందులో స్థానాలు ఉండవు. 1904లో ఏర్పడిన ఫ్రాన్స్ సైకిల్ సంఘం ఆడాక్స్ క్లబ్ పారిసియెన్ నియమాల ప్రకారం, మన దేశంలో ఆడాక్స్ ఇండియా పర్యవేక్షణలో జరిగే ఈ ప్రయాణాల్లో ఉండేది గడువు ఒక్కటే. 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషాలు, 300కు 20 గంటలు, 400కు 27 గంటలు, 600కు 40 గంటలు ఇస్తారు. ఈ నాలుగూ ఒకే సీజన్‌లో పూర్తి చేసినవారిని సూపర్ రాండనీర్ అంటారు. దారిలో కంట్రోల్ అని పిలిచే చోట్ల ఆగి కార్డుపై ముద్ర వేయించుకోవాలి, లేదా ఆ ఊరి ఏటీఎం చీటీ వంటి ఆధారం తెచ్చుకోవాలి. తిండి, నీళ్లు, పంక్చర్లు అన్నీ ఎవరివి వారే చూసుకోవాలి. వాన పడిందని గడువు పెరగదు.

మొన్న ఆగస్టులో నేను తొక్కిన 200 కిలోమీటర్ల బ్రెవే ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు కూడలి నుంచి ఉదయం ఆరు గంటలకు బయలుదేరి, భువనగిరి, ఆలేరు, జనగామ మీదుగా స్టేషన్ ఘన్‌పూర్ దాటి కొంత దూరం వెళ్లి, అదే దారిన తిరిగి రావలసిన ప్రయాణం. ఉప్పల్ నుంచి నారపల్లి వరకు ఏళ్లుగా పై వంతెన పనులు సాగిన రోడ్డును తప్పించడానికి ఘట్‌కేసర్‌ను ఎంచుకున్న నిర్వాహకుల తెలివిని మెచ్చుకోవాలి. గుంత ఎంత లోతో నీళ్లు నిండాక ఎవరికీ కనబడదు కనుక, వానాకాలంలో ఆ దారి సైకిల్‌కు మంచిది కాదు.

ఆ వారమంతా నగరంలో ముసురు పట్టి ఉంది. జూన్ మొదట్లోనూ అక్టోబర్‌లోనూ వచ్చే ఉరుముల వాన వేరు, ఆగస్టు ముసురు వేరు. మొదటిది గంటలో దంచికొట్టి పోతుంది, పిడుగుల భయం ఉంటుంది. రెండవది తెంపు లేకుండా సన్నగా కురుస్తూనే ఉంటుంది, దానితో పాటు నైరుతి రుతుపవనాల పడమటి గాలి పగలంతా వీస్తుంది. ఉరుములు వినిపిస్తే బ్రెవే అయినా మరేదైనా ఆపి పక్కా కప్పు కిందకు చేరాలన్నది నా అభిప్రాయం, దానిలో బేరాలు లేవు. ముసురులో మాత్రం తొక్కవచ్చు, అయితే గాలి ఏ దిక్కున ఉందో చూసుకుని తొక్కాలి.

మా దారి ఘట్‌కేసర్ నుంచి దాదాపు ఈశాన్యంగా సాగుతుంది. కనుక వెళ్లేటప్పుడు గాలి వీపున ఉంటుంది. పైగా హైదరాబాద్ సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తున ఉంటే, వరంగల్ సుమారు 300 మీటర్ల ఎత్తునే ఉంది. ఈ పల్లం కంటికి కనబడదు, కాళ్లకు మాత్రం తెలుస్తుంది. భువనగిరి కోట ఉన్న ఏకశిల మబ్బుల్లో సగం మునిగి కనిపించే సమయానికి మా గుంపులో సగంమంది గంటకు 28 కిలోమీటర్ల వేగం అందుకుని, ఈ రోజు చాలా తొందరగా ముగిసిపోతుందని సంబరపడుతున్నారు. బ్యాంకులో పనిచేసి విరమణ పొందిన ఒక పెద్దాయన మాత్రం, "ఇది మన కాళ్ల బలం కాదండీ, గాలి ఇచ్చిన అప్పు. మధ్యాహ్నం వడ్డీతో కట్టాలి" అన్నారు. ఆ మాట నవ్వులాటగానే అన్నా, దాని వెనుక గట్టి లెక్క ఉంది.

గాలి నిరోధం వేగానికి వర్గంగా పెరుగుతుంది. గాలి లేని రోజున గంటకు 20 కిలోమీటర్ల వేగంతో తొక్కేవారికి ముఖాన తగిలే గాలి కూడా అంతే వేగంతో తగులుతుంది. ఎదురుగా 20 కిలోమీటర్ల గాలి వీస్తే అదే సైకిల్ వేగానికి గాలి 40గా తగులుతుంది, నిరోధం నాలుగు రెట్లవుతుంది. అందుకని ఎంత బలవంతులైనా ఎదురుగాలిలో వేగం తగ్గించుకోవలసిందే. వెళ్లేటప్పుడు మిగుల్చుకున్న నిమిషాలే తిరుగు ప్రయాణంలో పెట్టుబడి. కంట్రోళ్ల గడువును గంటకు 15 కిలోమీటర్ల సగటుతో లెక్కిస్తారు కాబట్టి నూరవ కిలోమీటరు దగ్గరి కంట్రోల్ మధ్యాహ్నం 12 గంటల 40 నిమిషాలకు మూతపడుతుంది. అక్కడికి పదింటికల్లా చేరినవారికీ, పన్నెండు దాటాక చేరినవారికీ సాయంత్రం ఒకేలా ఉండదు.

వానలో గుంపుగా తొక్కడంలో ఇంకో చిక్కు ఉంది. మామూలు రోజుల్లో ముందున్న సైకిల్‌ను ఆనుకుని తొక్కితే గాలి భారం తగ్గుతుంది. తడి రోడ్డుపై ముందు సైకిల్ వెనుక చక్రం చిమ్మే బురదనీళ్లు మాత్రం నేరుగా వెనుకవాడి నోట్లోకీ కళ్లలోకీ పోతాయి. మడ్‌గార్డు మన కోసం బిగించుకునేది అనుకుంటాం గాని, నిజానికి అది వెనుక వచ్చేవాడి పట్ల మర్యాద. మా గుంపులో మడ్‌గార్డులున్నవారు ముగ్గురే కావడంతో తిరుగు ప్రయాణంలో వారి గిరాకీ అమాంతం పెరిగింది.

ఆలేరు దాటాక నా వెనుక టైరులో గాలి దిగిపోయింది. లారీ టైర్లు పగిలినప్పుడు రాలే సన్నని ఇనుప తీగ ముక్కలు హైవే అంచున ఎప్పుడూ ఉంటాయి. నీళ్లు వాటిని టైరుకు అంటుకునేలా చేసి, రబ్బరులోకి జారేందుకు నూనెలా పనిచేస్తాయి కనుక వానరోజున పంక్చర్లు ఎక్కువ. తడిలో ప్యాచ్ అంటుకోదు. చెట్టు కింద నిలబడి ట్యూబును చొక్కాతో తుడుస్తూ ప్రయోగాలు చేయడం కన్నా రెండు కొత్త ట్యూబులు వెంట ఉంచుకోవడం మేలు. తీగ ముక్కను టైరులోంచి వేళ్లతో తడిమి తీయకుండా ట్యూబు మార్చితే మరో కిలోమీటరులో మళ్లీ అదే పని పడుతుంది. పావుగంటలో ఆ పని ముగించి కదిలాను.

కంట్రోల్ దగ్గర పెద్దగా చెప్పడానికి ఏమీ లేదు. జిప్ కవరులో దాచిన కార్డుకు ముద్ర పడింది, ఇడ్లీ తిన్నాను, సీసాలో నీళ్లు నింపుకున్నాను. సైకిల్‌ను పడమటికి తిప్పగానే అసలు రోజు మొదలైంది. వాన చినుకులు ముఖానికి సూదుల్లా తగులుతుండగా స్పీడోమీటరు 17, 16, ఒక్కోచోట 14 చూపించింది. ఇరవై మూడు డిగ్రీల ఉష్ణోగ్రత హైదరాబాద్ వాళ్లకు చలి కాదని కాగితంపై అనిపిస్తుంది గాని, గంటల తరబడి తడిసిన ఒంటిపై గాలి వీస్తుంటే ఒంటి వేడి వేగంగా పోతుంది. బ్రేకు పిడిని పట్టుకునే వేళ్లు మొద్దుబారడం దానికి మొదటి గుర్తు. రైన్‌జాకెట్ లోపల చెమటతో తడిసినా సరే, గాలిని ఆపుతుంది కనుక దాన్ని విప్పకూడదు. ఆగితే వణుకు పట్టుకుంటుంది కాబట్టి తక్కువ సేపు ఆగాలి, ఆగినచోట వేడిగా ఏదైనా తాగాలి.

అందుకే జనగామ దాటాక పెంబర్తి దగ్గర రేకుల కప్పు కింద ఒక టీ కొట్టులో ఆగాం. ఇత్తడి పనికి పేరుపొందిన ఆ ఊరి విగ్రహాలను ఎన్నోసార్లు చూశాను గాని, ఆ రోజు నా కళ్లు మిరపకాయ బజ్జీల మీదే ఉన్నాయి. కొట్టు నడిపే పెద్దావిడ మమ్మల్ని ఎగాదిగా చూసి, "ఇంత వానల గీ తిప్పలెందుకు బిడ్డా? గెలిస్తె ఎన్ని పైసలిస్తరు?" అని అడిగింది.

"పైసలు మేమే కట్టినం అవ్వా" అన్నాడు మాతో ఉన్న కుర్రాడు. ఆమె కాసేపు ఏమీ అనకుండా ఇంకో రెండు బజ్జీలు వేసింది. వాటికి లెక్క కట్టలేదు. పతకం కావాలంటే దానికి కూడా వేరే డబ్బు కట్టాలన్న సంగతి ఆమెకు చెప్పే ధైర్యం మాకు లేకపోయింది.

ఆలేరు నుంచి భువనగిరి వరకు నలుగురం వంతులు వేసుకున్నాం. ఒక్కొక్కరు రెండు కిలోమీటర్లు ముందుండి గాలిని కాచి, తరువాత వెనక్కి జారుకునేవారు. ఇలాంటి చోట దర్పం పనికిరాదు. బలంగా ఉన్నవాడు వంతు వచ్చింది కదా అని వేగం పెంచితే వెనుకవాళ్లు చెదిరిపోతారు, చివరికి అతనూ ఒంటరిగా గాలిని ఎదుర్కోవాలి. రోడ్డు అంచున తెల్లగీతలపై రంగు తడిస్తే జారుతుంది కాబట్టి వాటిని నిటారుగా దాటడం, చక్రం అంచును నొక్కి ఆపే రిమ్ బ్రేకులున్నవారు తడి పోవడానికి ముందుగానే కాస్త నొక్కి ఉంచడం వంటివి నోరు విప్పకుండా చేతి సైగలతోనే సాగిపోయాయి. భువనగిరి చేరేసరికి ఇద్దరు విరమించుకుంటున్నట్టు నిర్వాహకులకు ఫోన్ చేసి రైలు స్టేషన్ వైపు మళ్లారు. చేతులు వణుకుతుండగా హైవేపై చీకట్లో తొక్కడం కన్నా అది మంచి నిర్ణయం. ఫోన్ చేయకుండా ఇంటికి పోయేవారి వల్లే నిర్వాహకులు రాత్రంతా రోడ్లు వెతుకుతారు.

ఆరున్నర దాటాక వెలుగు తగ్గింది. లైట్లు, మెరిసే కోటు నియమాల్లో ఉన్నవే అయినా, తడి రోడ్డుపై లారీల కాంతి చెదిరిపోయే వేళ వాటి అవసరం నియమం కన్నా పెద్దదని తెలుస్తుంది. ఘట్‌కేసర్ కూడలిలో కార్డు అందించేటప్పటికి గడువుకు ఇంకా పాతిక నిమిషాలు ఉన్నాయి. ఉదయం గాలి పుణ్యాన మిగిలిన సమయమంతా ఖర్చయిపోగా చేతిలో మిగిలింది అంతే. పెద్దాయన మాకన్నా ముందే వచ్చి, పొడి చొక్కా మార్చుకుని, టీ తాగుతున్నారు.

మరుసటి రోజు సైకిల్ పని కూడా ఈ ప్రయాణంలో భాగమే. సీటు గొట్టం బయటకు తీసి సైకిల్‌ను తలకిందులు చేస్తే ఫ్రేములోంచి నీళ్లు కారుతాయి. గొలుసును ఆరబెట్టి అదే రోజు నూనె వేయకపోతే తుప్పు పడుతుంది. బ్రేకు ప్యాడ్లలో దిగిన ఇసుక రేణువులను సూదితో తీయాలి, లేకపోతే అవి రిమ్‌ను గీరుతాయి. బూట్లలో పాత పేపర్లు కుక్కి రెండు మూడుసార్లు మార్చాలి. వచ్చే నెల 300 కిలోమీటర్ల బ్రెవే నాగార్జునసాగర్ రోడ్డు మీద అంటున్నారు. అది దక్షిణానికి పోయే దారి కాబట్టి రెండు వైపులా పక్కగాలి తగులుతుంది. దాని లెక్క వేరే వేసుకోవాలి.