పాత ల్యాప్‌టాప్ బ్యాటరీలోంచి ఆరు సెల్స్

పొద్దున మొదలైన పని సాయంత్రానికి గానీ తెమల్లేదు. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ విప్పితే లోపల ఆరు 18650 సెల్స్ (18 మి.మీ. లావు, 65 మి.మీ. పొడవుండే లిథియం-అయాన్ సెల్స్), రెండేసి చొప్పున మూడు జతలు. రెండు జతలు 3.7 ఓల్టుల దగ్గరున్నాయి, మూడోది 1.3. ఇలాంటి బ్యాటరీల్లో తరచూ కనబడేది ఇదే: ఒక్క జత పడిపోతే చాలు, లోపలి రక్షణ సర్క్యూట్ బ్యాటరీ మొత్తాన్నీ ఆపేస్తుంది. మిగతా నాలుగూ చాలాసార్లు పనికొచ్చేవే అయ్యుంటాయి.

1.3 ఓల్టుల జత పక్కకు పోయింది. వాటికీ ఛార్జింగ్ ఎక్కుతుంది, భయమంతా అందుకే. 2 ఓల్టుల కిందికి దిగి చాన్నాళ్లు పడి ఉంటే లోపలి రాగి రేకు ఎలక్ట్రోలైట్‌లో కరుగుతుంది. మళ్లీ ఛార్జ్ పెడితే ఆ రాగే అక్కడక్కడా పేరుకుని లోపల్లోపలే షార్ట్ చేయగలదు. రెండు కొసలకీ టేపు వేసి ఈ-వ్యర్థాల డబ్బాలో పెట్టడమే.

నికెల్ రేకులు పీకేటప్పుడు చెయ్యి నెమ్మదిగా ఆడాలి. సెల్ ఒళ్లంతా మైనస్సే, ప్లస్ బొడిపె చుట్టూ ఉన్న అంచుతో సహా. మధ్యలో అడ్డం పలచటి ప్లాస్టిక్ తొడుగు, ఒక కాగితపు రింగు, అంతే. ఇవాళ ఒకదాని తొడుగు సరిగ్గా ఆ అంచు దగ్గరే గోరంత చిరిగింది. కొత్త రింగు పెట్టి, కొత్త తొడుగు వేడిగాలితో బిగించాకే అది మిగతావాటి పక్కకు చేరింది.

కొత్తవి కొనేవాళ్లకు తూకం మంచి సాక్షి. మంచి 18650 దాదాపు 45 గ్రాములు తూగుతుంది. 9900 ఎంఏహెచ్ (మిల్లీఆంపియర్-అవర్, సెల్ ఎంత ఛార్జ్ పట్టుకుంటుందో చెప్పే లెక్క) అని రాసున్నది అబద్ధం. ఈ సైజులో మామూలుగా దొరికే పెద్దవి 3500 చుట్టుపక్కలే.

ఛార్జింగ్‌కి టీపీ4056 బోర్డు, లిథియం సెల్‌ని ఛార్జ్ చేసే చిప్ ఉన్న చిన్న బోర్డు. అందులో 1.2 కిలోఓమ్‌ల రెసిస్టర్ ఉంటుంది, ఛార్జింగ్ కరెంటు ఎంతో నిర్ణయించేది అదే, ఇక్కడ 1 ఆంపియర్. 2200 ఎంఏహెచ్ సెల్‌కి అది సగం కన్నా తక్కువ, బాగానే ఉంటుంది. అదే బోర్డుకి 500 ఎంఏహెచ్ చిన్న పౌచ్ సెల్ (పలచటి సంచిలాంటిది) తగిలిస్తే దాని కెపాసిటీకి రెండింతల కరెంటు! దానికి ఆ రెసిస్టర్ తీసి 5 కిలోఓమ్‌లది వేస్తే 250 మిల్లీఆంపియర్లకు దిగుతుంది. ఛార్జ్ అవుతుండగా లోడు (కరెంటు వాడుకునే పరికరం) తగిలించి ఉంచకూడదు. 4.2 ఓల్టులకు చేరాక కరెంటు పదోవంతుకు పడితేనే చిప్ ఆపుతుంది. లోడు లాగుతూ ఉంటే ఆ పదోవంతు ఎప్పటికీ రాదు.

నాలుగూ ఒక్కొక్కటిగా, పింగాణీ పలక మీద, కళ్లముందే ఛార్జ్ అయ్యాయి. ముట్టుకుంటే గోరువెచ్చన. ఒకటి మాత్రం ఎక్కువ వేడెక్కుతోందనిపించి మధ్యలోనే తీసేయాల్సి వచ్చింది, అదీ టేపు చుట్టి ఆ జత దగ్గరికే.

మిగిలిన మూడూ 4.19. తేదీ, ఓల్టేజీ టేపు మీద రాసి వేరువేరు ప్లాస్టిక్ డబ్బాల్లో ఉంచాను. రెండు వారాల తర్వాత మళ్లీ మల్టీమీటర్. 4.1 కన్నా కిందికి జారినది ఏ ప్యాక్‌లోకీ పోదు.