గట్టు తెగకముందే ఏరు దాటాను

మా పుట్టిల్లు పి.గన్నవరం వైపు, గోదావరి మధ్యలో ఉన్న లంక. తొలి కాన్పు కదా, ఏడో నెలలోనే అమ్మ తీసుకొచ్చేసింది. డాక్టరు వేసిన తేదీ ఆగస్టు 18.

మొదట చూపించుకున్న చోట ఏం అడిగినా "మేం చూసుకుంటాం" అనేవారు. భయం మాత్రం నాతోనే ఇంటికొచ్చేది. అమలాపురంలో డాక్టరమ్మ అలా కాదు. జూలై మొదటి వారంలో బీపీ చూసి, రక్తం రిపోర్టు చూసి, ఎదురు నన్నే అడిగారు: "అర్ధరాత్రి నొప్పులొస్తే లంకలోంచి ఎలా వస్తావమ్మా?"

"పడవుంటాదండి" అంది అమ్మ.

"వరదలో, రాత్రిపూట?"

అమ్మ ఇంకేం అనలేదు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర వరద పది లక్షల క్యూసెక్కులు దాటి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చేసరికి మా లంకకి దారిచ్చే మట్టిగట్టు కొట్టుకుపోయి ఉంటుంది. 2022 జూలైలో అయితే పాతిక లక్షలు దాటి వచ్చింది నీరు. 108 ఎంత తొందరగా వచ్చినా అవతలి ఒడ్డునే ఆగుతుంది.

37 వారాలు నిండేలోపు, అంటే జూలై 28కి ముందే, ఆస్పత్రికి దగ్గర్లో ఉండమన్నారు. పిన్నివాళ్ళిల్లు అమలాపురంలోనే. నాన్నమ్మ ఒప్పుకోలేదు, నిండు చూలాలు ఏరు దాటకూడదని. ఆవిడ మాట తీసెయ్యడం నాకూ కష్టమే అయింది. ఊళ్ళో నర్సు, ఏఎన్ఎమ్ అక్క ఇంటికొచ్చి మెల్లగా నచ్చజెప్పింది: "ఇప్పుడైతే గట్టు మీద నడిచి దాటుతుందండి, తర్వాతైతే నొప్పులతో పడవెక్కాలి." 26న దాటాను.

ఆ మూడు వారాలూ ఒక నోట్‌బుక్కు పెట్టుకున్నాను. గుర్తొచ్చిన ప్రశ్నల్లా రాసుకోవడం, చెకప్‌లో అడగడం. నొప్పులు ఐదు నిమిషాలకోసారి, ఒక్కోటి నిమిషంపాటు, అలా గంటసేపు వస్తే బయల్దేరాలి. ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, బిడ్డ కదలిక తగ్గినా, తలనొప్పితో చూపు మసకబారినా నొప్పుల కోసం చూడకూడదు, వెంటనే రావాలి. ఐరన్ మాత్ర టీతో వేసుకుంటున్నానని అప్పుడే బయటపడింది. టీ ఉంటే ఐరన్ ఒంటికి సరిగ్గా పట్టదట. అప్పట్నుంచి నిమ్మరసంతో వేసుకున్నాను. రక్తం అవసరమైతే ఇవ్వడానికి మావారూ మరిదీ సిద్ధంగా ఉన్నారు. కాన్పు గదిలో అమ్మ నా పక్కనుండొచ్చా అని అడగడానికి రెండు చెకప్‌లు మొహమాటపడ్డాను. అడిగితే, "తప్పకుండా ఉండొచ్చు" అన్నారు.

ఆగస్టు 14 రాత్రి నొప్పులు మొదలయ్యాయి. గోడ గడియారం చూస్తూ పిన్ని లెక్క రాసింది. ఆస్పత్రికి ఆటోలో పది నిమిషాలు. పడుకోబెట్టేస్తారనుకున్నాను, కానీ నడవమన్నారు, నీళ్ళు తాగమన్నారు. అమ్మ నడుం రాస్తూనే ఉంది. నొప్పి నేననుకున్నదానికన్నా చాలా ఎక్కువే. కానీ తర్వాత ఏం జరగబోతోందో తెలుసు కాబట్టి కంగారు పడలేదు. తెల్లారాక పాప పుట్టింది. తుడిచి నా గుండెల మీద పెట్టారు, కాసేపాగి బొడ్డు కోశారు. అత్తయ్యగారు తేనె సీసా తెచ్చారు. డాక్టరమ్మ ముందే చెప్పి ఉంచారు కాబట్టి, "ముర్రుపాలే ఇద్దామండి" అన్నాను. గంటలోపే పట్టించాను. ఆవిడ సీసా సంచిలో పెట్టేసుకుని పాప తల నిమిరారు.

నాన్న మూడోనాడు వచ్చారు, మోకాళ్ళ దాకా తడిసిన పంచెతో. పాపని ఎత్తుకోకుండా ముందు నా దగ్గరికొచ్చి కూర్చున్నారు.

"గట్టు తెగిపోయిందమ్మా. పద్నాలుగు రాత్రి పడవ కూడా వెయ్యలేదు" అన్నారు.