రథసప్తమి రాత్రి మా డాబా మీద

ఒడిశా పర్లాకిమిడిలో మా డాబా మీద టెలిస్కోపు పెట్టి వీధి పిల్లల్ని పిలవడం ఇది మూడోసారి. మొదటి రెండుసార్లూ పౌర్ణమి దగ్గర్లో పెట్టి దెబ్బతిన్నాను. నిండు చంద్రుడు కళ్ళు చెదరగొడతాడు గానీ నీడలుండవు, గోతులు తేలవు. ఈసారి 2026 జనవరి 25, రథసప్తమి, సగం చంద్రుడు. వెలుగూ చీకటీ కలిసే అంచున ఒక్కో గొయ్యీ వేలు పెడితే తగిలేలా ఉంది. మనకి చందమామ, పక్కింటి ఒడియా పిల్లలకి జహ్నమాము, ఎవరికైనా మేనమామే.

నాది 130 మిల్లీమీటర్ల అద్దం, 650 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్ (అద్దం నుంచి వెలుగు ఒకచోట కలిసే దూరం), బల్ల మీద పెట్టుకుని చేత్తో తిప్పే డాబ్సోనియన్ రకం టెలిస్కోపు. అరగంట ముందే పైకి చేర్చేస్తాను, అద్దం చల్లబడకపోతే బొమ్మ మరుగుతున్న నీళ్ళలోంచి చూసినట్టు కదులుతుంది. 10 ఎం.ఎం. ఐపీస్‌తో, అంటే కన్ను పెట్టి చూసే కటకంతో, 65 రెట్లు. అంత పెద్దది చేస్తే భూమి తిరుగుడుకి గ్రహం మూడు నిమిషాల్లో ఈ అంచు నుంచి ఆ అంచుకి పోతుంది, దానికి తోడు పిల్లలు కన్ను కంటే ముందు చెయ్యి పెడతారు. ప్లాస్టిక్ కుర్చీ వీపు వాళ్ళ వైపు తిప్పి ముందు పెట్టాను. దాన్ని పట్టుకుని నిలబడ్డారు, ట్యూబు బతికిపోయింది.

ఎనిమిదయ్యేసరికి ఇళ్ళ వెనక్కి పోతాడని శనిని ముందు చూపించడం నా పొరపాటు. 2025 మార్చిలో శని వలయాల అంచు మన వైపుకి తిరిగింది, అవి ఇంకా సరిగా విచ్చుకోలేదు, పూసకి సూది గుచ్చినట్టుంది అంతే. "ఇంతేనా మామయ్యా?" పక్కింటి మౌసీ అయితే దగ్గరికే రాలేదు, "రథసప్తమి పూట శని మొహం చూడమంటావేంటి బాబూ" అని.

పిల్లలకోడి, అదే కృత్తికల చుక్కల గుంపు, సరిగ్గా నడినెత్తిన ఉంది. ట్యూబు నిలువుగా లేచాక పక్కకి జరపడం నా వల్ల కాదు, బైనాక్యులర్స్ ఇచ్చేశాను.

అసలు సందడంతా గురుడి దగ్గర. పక్కన వరసగా ఉన్న చుక్కల్ని నోటుబుక్కులో గీయమన్నాను. మర్నాడు సాయంత్రం ఎదురింటి ఆరో క్లాసు పిల్ల మళ్ళీ వచ్చి చూసి, "నిన్న తప్పు గీశాను మామయ్యా, చుక్కలు జరిగిపోయాయి" అని రబ్బరు తీసింది. 1610 జనవరిలో గెలీలియో తల గోక్కున్నదీ ఈ చుక్కల దగ్గరే. అవి గురుడి చుట్టూ తిరిగే చందమామలు. ఆ నాలుగింటిలో లోపలిది, అయో, 42 గంటల్లో ఒక చుట్టు చుట్టేస్తుంది. రబ్బరు లాక్కుని, కింద తేదీ, టైమూ వేయించాను. మబ్బు పట్టకపోతే ఈ వారమంతా ఆరున్నరకి వస్తానంది.