సర్ఫ్ కలిపిన డ్రమ్ము

జులైలో డెన్మార్క్‌లో సగం దేశం సెలవుల్లో ఉంటుంది. నేనూ మూడు వారాలు సెలవు పెట్టి బయల్దేరాను. పలాసలో రైలు దిగి, టెక్కలి, పాతపట్నం మీదుగా పర్లాకిమిడి. అక్కడి నుంచి ఆటోలో ఊరికి. సూట్‌కేసులో అమ్మకి స్వెట్టరు, పిల్లలకి చాక్లెట్లు, చిన్నాన్న కోసం ఒక చిన్న డబ్బాలో పీహెచ్ కాగితాలు, నీళ్లు పుల్లనివో సోడావో రంగు మారి చెప్పేవి. ఇంతదూరం నుంచి కాగితం ముక్కలు మోసుకొచ్చానని అమ్మ నవ్వింది.

ఆ కాగితాలకి కారణం ఉంది. వేసవి నుంచీ చిన్నాన్న ఫోన్లో ఒకటే మాట. "వంకాయ తోటకి మందు కొడుతున్నానురా, పురుగు చావడం లేదు. నువ్వు అక్కడ మందుల లేబ్‌లోనే కదా పని చేస్తున్నావు, ఏటో చెప్పొద్దా?" నేను చేసేది అలాంటి లేబ్ కాదని చాలాసార్లు చెప్పాను. పురుగు చస్తుందా లేదా అన్నది మేం చూడం. మందు నీళ్లలో పడితే ఎంతకాలం మందుగా ఉంటుంది, ఎప్పటికి విరిగిపోతుంది, విరిగి ఏమవుతుంది అన్నదే మా పని. "అంటే మందు ఎప్పుడు చస్తుందో చూస్తావన్నమాట," అన్నాడు ఒకసారి. నా ఉద్యోగాన్ని ఇంతకన్నా బాగా ఎవరూ చెప్పలేదు.

అక్కడ మా పనికి ఒక గ్రంథం ఉంది, ఓఈసీడీ అనే దేశాల కూటమి రాసిన టెస్ట్ గైడ్‌లైన్ 111. రసాయనాన్ని మూడు రకాల నీళ్లలో పెట్టాలి: పీహెచ్ 4, 7, 9. అంటే కాస్త పుల్లనివి, ఏదీ కానివి, సోడా పాలు ఉన్నవి. ముందు ఒక చిన్న పరీక్ష ఉంటుంది. 50 డిగ్రీల్లో ఐదు రోజులు ఉంచి చూస్తాం. పది శాతం కూడా తగ్గకపోతే అది నీళ్లకి లొంగని రకమని రాసి సంతకం పెట్టేయొచ్చు. 25 డిగ్రీల్లో దాని అర్ధాయువు, అంటే సగం విరిగిపోవడానికి పట్టే కాలం, ఏడాది పైనే ఉంటుందని లెక్క. అలాంటి పదార్థం వచ్చిన వారం మాకు పండగ. తగ్గిందా, అసలు పని అప్పుడు మొదలవుతుంది. వేర్వేరు ఉష్ణోగ్రతల్లో, కనీసం ఆరు సమయాల్లో శాంపిళ్లు తీయాలి, ప్రతిదీ రెండేసి. ముప్పై రోజులు, లేదా తొంభై శాతం విరిగేదాకా, ఏది ముందైతే అది.

వినడానికి వంటింటి పనిలాగే ఉంటుంది. కష్టమంతా నీళ్లని ఒంటరిగా పట్టుకోవడంలో ఉంది. నేరం నీళ్లదేనని తేల్చాలంటే మిగతా అనుమానితులందర్నీ గదిలోంచి బయటికి పంపాలి. సూక్ష్మజీవులు తినేశాయని అనకుండా అన్నిటినీ స్టెరిలైజ్ చేస్తాం. వెలుతురు విరగ్గొట్టిందని అనకుండా చీకట్లో ఉంచుతాం. ఆక్సిజన్ వల్లని అనకుండా ద్రావణంలోకి నైట్రోజన్ బుడగలు పంపుతాం. ఉష్ణోగ్రత అర డిగ్రీకి మించి కదలకూడదు. ఇంత చేశాక కూడా మందు విరగలేదు, గాజుకి అంటుకుని తగ్గినట్టు కనిపించింది అని తేలిన రోజులున్నాయి.

పీహెచ్ అనే కొలత పుట్టిందీ డెన్మార్క్‌లోనే. 1909లో సోరెన్సెన్ అనే ఆయన కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ లేబొరేటరీలో దాన్ని తెచ్చాడు. అది బీరు కంపెనీ పెట్టిన లేబొరేటరీ. ఈ సంగతి ఇంట్లో చెబితే చిన్నాన్నకి ఒక్కసారిగా నా ఉద్యోగం మీద గౌరవం పెరిగింది.

నాకక్కడ మొదట అలవాటు కానిది చలి కాదు, మా టీమ్ లీడర్‌ని పేరు పెట్టి పిలవడం. నాకన్నా ఇరవై ఏళ్లు పెద్దావిడ. రెండు నెలలు అసలు పిలవకుండానే నెట్టుకొచ్చాను. ఎదురుగా వెళ్లి నిలబడి, ఆవిడ తలెత్తేదాకా ఆగేవాణ్ణి. మొదటి చలికాలంలో ఒక పొరపాటు చేశాను. బఫర్లని ఉంటాయి, పీహెచ్‌ని ఒకచోట నిలిపి ఉంచే ద్రావణాలు. వాటి పీహెచ్‌ని మామూలు గది ఉష్ణోగ్రతలో కొలిచి రాశాను. పరీక్ష జరిగేది 50 డిగ్రీల్లో. వేడెక్కితే బఫర్ పీహెచ్ జరుగుతుంది, అందుకే పరీక్ష జరిగే వేడిలోనే కొలవాలని గైడ్‌లైన్‌లో స్పష్టంగా ఉంది. చదివాను కూడా. పన్నెండు రోజుల పని మళ్లీ మొదటికొచ్చింది. ఎవరూ అరవలేదు. అదే ఇంకా ఇబ్బంది. మన దగ్గరైతే నాలుగు చీవాట్లు తినేసి, టీ తాగేసి మర్చిపోయేవాణ్ణి. అక్కడ ఆవిడ నోట్‌బుక్ నా ముందు పెట్టి, తప్పు అంకె మీద ఒకే ఒక్క గీత గీయమంది. కింద అంకె కనబడుతూనే ఉండాలి. పక్కన తేదీ, నా పొడి అక్షరాలు, కారణం. వైట్‌నర్ వాడటం, అంకె మీద అంకె దిద్దడం అక్కడ మహాపాపం. ఆ గీతా, "తప్పు ఉష్ణోగ్రతలో కొలిచాను" అన్న వాక్యం ఇప్పటికీ ఆర్కైవ్‌లో ఉంటాయి.

ఇక రాత్రి శాంపిళ్లు. పీహెచ్ 9లో కొన్ని మందులు గంటల్లో పోతాయి. కార్బరిల్ అని ఒకటుంది, 25 డిగ్రీల్లో పీహెచ్ 7లో దాని అర్ధాయువు పన్నెండు రోజుల దాకా ఉంటే, 9లో మూడు గంటల చిల్లర. విరిగితే మాయమవదు, నాఫ్తాల్ అనే వేరే పదార్థంగా మారుతుంది. ఆ వచ్చింది పది శాతం దాటితే అదేమిటో కూడా మేమే తేల్చాలి. ఇలాంటి చురుకైన పదార్థాలు వస్తే రాత్రి రెండింటికి ఒకటి, నాలుగింటికి ఒకటి తీయాలి. ఒక సంక్రాంతి నాడు అమ్మ వీడియో కాల్ చేసే వేళకి నేను గ్లౌజులతో ఫ్రిజ్ ముందు ఉన్నాను. "నీళ్లలో పడ్డది కరుగుతుంది, దానికి కాపలా ఏటిరా?" అంది. కరగడం వేరు, విరగడం వేరు అని చెప్పబోయి ఊరుకున్నాను.

సరే, ఊరి సంగతి. వచ్చిన మూడో రోజు చిన్నాన్న తోటకి వెళ్లాను. పంపు పక్కన నీలం డ్రమ్ము. సాయంత్రం మందు కలిపి ఉంచుతాడు, తెల్లవారుజామున స్ప్రేయర్లోకి వంచుకుని కొడతాడు. పొద్దున్నే కలుపుకోవచ్చుగా అంటే, "కరెంటు ఉన్నప్పుడే నీళ్లు తోడాలి కదరా." మందు మలాథియాన్. దీని అంకెలు నాకు నోటికి వచ్చు. 25 డిగ్రీల్లో, పీహెచ్ 5లో అర్ధాయువు నూట ఏడు రోజులు. 7లో ఆరు రోజులు. 9లో సుమారు పన్నెండు గంటలు. బోరు నీళ్లు సోడాగా ఉన్నాయేమో, రాత్రంతా డ్రమ్ములో మందు చచ్చిపోతోందేమో అని ముందే అనుకుని వచ్చాను. పదిమంది పోగయ్యారు. విదేశంలో చదువుకున్నవాడు కాగితం ముంచుతున్నాడంటే చూడరా మరి.

కాగితం ఏడున్నర దగ్గర ఆగింది. మహా అయితే ఎనిమిది.

నా ముఖం చూసే ఉంటారు. ఆ నీళ్లలో ఒక్క రాత్రికి పోయేది తక్కువే. పైగా మా అంకెలన్నీ పలచటి, శుద్ధమైన ద్రావణాలవి. డ్రమ్ములో ఉన్న తెల్లటి పాలలాంటి మందుకి వాటిని అలాగే అతికించకూడదని నాకే తెలుసు. నీళ్లది తప్పు కాదు చిన్నాన్నా, అన్నాను. ఆయన తల ఊపి, రోజూలాగే డ్రమ్ములో మందు పోసి, కర్రతో కలిపి, జేబులోంచి ఒక పేకెట్ తీసి చింపి అందులో వేశాడు.

"అదేంటి?"

"సర్ఫు. ఆకుకి పట్టుకోవడానికి. అందరూ వేస్తారు."

మా ఊళ్లో ఏ కంపెనీ బట్టల పొడైనా సర్ఫే. అందులో సోడా దండిగా ఉంటుంది. వంకాయ ఆకు మీద నీళ్లు నిలవవు, జారిపోతాయి, కాబట్టి సబ్బు వెయ్యాలన్న ఆలోచనలో తప్పేం లేదు. కాగితం మళ్లీ ముంచాను. ఈసారి తొమ్మిది దాటి ముదురు నీలంలోకి పోయింది. పీహెచ్ ఒక్క అంకె పెరిగితే నీళ్లలో క్షారం పది రెట్లు పెరిగినట్టు. దానికి తోడు జులై ఉక్క. వేడి పెరిగితే ఈ విరగడం ఇంకా వేగం. ఆ డ్రమ్ము తెల్లారేసరికి సగానికి పైగా ఉత్త సబ్బునీళ్లే అయి ఉండొచ్చు. ఇక్కడ నిజాయితీగా ఒక మాట చెప్పుకోవాలి. పురుగు కాయ లోపలికి దూరాక పైన బతికున్న మందు కొట్టినా పెద్ద లాభం ఉండదు. తప్పంతా సర్ఫ్‌ది కాదు. కానీ సర్ఫ్‌దీ ఉంది.

"మరి డబ్బా మీద రాయొద్దేటి వాళ్లు?" అన్నాడు చిన్నాన్న. రాశారు. డబ్బాకి అంటించిన మడత కాగితంలో, చీమల బారంత అక్షరాల్లో, నాలుగు భాషల్లో ఉంది. తెలుగులో వెతికి పట్టుకుని పైకి చదివాను. క్షార పదార్థములతో కలుపరాదు. 

"క్షారమంటే?"

ఊరి నడుమ నిలబడి ఆ ప్రశ్న వినడం నాకు వింతగా అనిపించింది. జనం మాట్లాడే మాటల్లోనే రాయాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పింది పర్లాకిమిడిలోనే. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడీ మా ఊరూ ఇటువైపు, ఒరిస్సాలోకి వచ్చేశాయి. స్కూల్లో నేను చదివింది ఒడియా, తెలుగు ఇంట్లో నేర్చుకున్నది. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న సరిహద్దుకి అవతల తెలుగు భాషా దినోత్సవం చేస్తారు. ఇక్కడ మందు డబ్బా మీద మాత్రం "కలుపరాదు." సోడా, సర్ఫ్, సున్నం కలపొద్దు అని రాస్తే సరిపోయేది. అయినా నేను ఎవరిని అనగలను? ఇన్నేళ్లలో నేను రాసిన రిపోర్టులు ఒక్కోటి వంద పేజీలు, అన్నీ ఇంగ్లిష్‌లో. అవి చేరేది ఒక ప్రభుత్వ ఆఫీసు టేబుల్ మీదకి. చిన్నాన్న లాంటివాళ్లు వాటిని చదువుతారన్న ఊహ కూడా వాటిలో లేదు.

కలిపిన వెంటనే కొట్టమన్నాను, సర్ఫ్ మానమన్నాను, పురుగు పట్టిన కొమ్మలూ కాయలూ ముందు తుంచేయమన్నాను. మూడోది చిన్నాన్నకి ముందే తెలుసు, కూలీలు దొరక్క మానేశాడట. మిగిలిన కాగితాలు ఆయనకే ఇచ్చి వచ్చాను. అదే నేను చేసిన పొరపాటు. వారానికే మజ్జిగ, చింతపండు పులుసు, గుడి దగ్గరి చేతిపంపు, మరదలి షాంపూ, అన్నీ కొలిచేశాడు. ఒక్కోదానికి ఒక్కో ఫోటో నాకు వాట్సాప్‌లో.

మొన్న డిసెంబర్‌లో ఇంకోటి వచ్చింది. "సర్ఫ్ మానీసి షాంపూ వేశాను, చూసి చెప్పు." ట్యూబ్‌లైట్ కింద తీశాడు, కాగితం పచ్చో నీలమో తేలడం లేదు. రేపు పగటి వెలుతురులో మళ్లీ తీసి పంపమని రాసి, పీహెచ్ 9 శాంపిల్ తీయడానికి లేచాను. టైము మూడున్నరే, కిటికీలోంచి చూస్తే అప్పుడే చీకటి పడుతోంది.