తాలుకాయల లెక్క

డిగ్రీ కాగానే పెళ్లి, తర్వాత పాప, ఆ తర్వాత గుంటూరు మిర్చి యార్డులో మా మామయ్యగారి కమిషన్ కొట్టు లెక్కలు. నాగార్జున యూనివర్సిటీ దూరవిద్యలో ఎంఏ ఎకనామిక్స్ పూర్తయ్యేసరికి నాకు 38 ఏళ్లు. అప్పుడు మొదలైంది రీసెర్చ్ అసిస్టెంట్ ఉద్యోగాల వేట.

మెయిల్ పెట్టిన ప్రొఫెసర్లలో చాలామంది పలకలేదు. పలికినవాళ్లు ముందు అడిగేది "జేఆర్‌ఎఫ్ ఉందామ్మా?" అనే. నెట్ పరీక్ష రాసి తెచ్చుకునే ఆ రీసెర్చ్ ఫెలోషిప్‌కి వయోపరిమితి 30, ఆడవాళ్లకు ఇంకో ఐదేళ్లు సడలింపు. నాకు ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. ప్రాజెక్టు పోస్టుల సంగతి వేరు. సామాజిక శాస్త్రాల పరిశోధనకు నిధులిచ్చే కేంద్ర సంస్థ ఐసీఎస్‌ఎస్‌ఆర్ ప్రాజెక్టుల్లో రీసెర్చ్ అసిస్టెంట్‌గా చేరడానికి పీజీలో 55 శాతం మార్కులుంటే అప్లై చేయొచ్చు. నోటిఫికేషన్ యూనివర్సిటీ వెబ్‌సైట్లో ఏ మూలనో పీడీఎఫ్‌గా పడుంటుంది, చివర్న "టీఏ, డీఏ ఇవ్వబడవు" అన్న ముక్కతో సహా.

ఒక ఇంటర్వ్యూలో "ఇన్నేళ్ల గ్యాప్ ఏంటి?" అన్నారు. గ్యాపా! సీజన్లో రాత్రి పదింటిదాకా కొట్లో కూర్చున్నదాన్ని. అనలేదనుకోండి, నవ్వి ఊరుకున్నా.

ఉద్యోగం ఇచ్చిన మేడమ్ మాత్రం ల్యాప్‌టాప్ నా వైపు తిప్పి ఎక్సెల్ షీట్ చూపించారు. మిర్చి రైతుల సర్వే. ఒకే రైతు, ఒకే రోజు, రెండూ తేజ రకం మిర్చి లాట్లే, కానీ రెండోదాని ధర మొదటిదాంట్లో సగం కూడా లేదు. ఎంట్రీ చేసిన కుర్రాళ్లు ఆ వరసకి ఎర్రరంగు వేసి "తప్పు, తీసేయాలి" అని రాసుకున్నారు.

"తప్పు కాదు మేడమ్, అది తాలు" అన్నాను. రంగుపోయి తెల్లబారిన కాయ. కల్లంలోనే కూలీలతో ఏరించి వేరే టిక్కీల్లో, అంటే బస్తాల్లో తెస్తారు, దాని ధర దానిదే. ఆ వరసలన్నీ తీసేస్తే రైతుకి వచ్చిన సగటు ధర ఎక్కువగా కనబడుతుంది, ఏరిన కూలి మాత్రం ఖర్చులో అలాగే ఉంటుంది. కోల్డ్ స్టోరేజీలో పెట్టి అమ్మిన ఏసీ సరుకునీ, కల్లం నుంచి నేరుగా వచ్చినదాన్నీ కలిపి లెక్కేయకూడదని కూడా చెప్పాను. అద్దె ఉంది, వడ్డీ ఉంది. ఆవిడ పెన్ను తీశారు.

"ఎస్‌పీఎస్‌ఎస్ వచ్చా?" సర్వే లెక్కలు విశ్లేషించే సాఫ్ట్‌వేర్ అది. రాదన్నాను. నేర్చుకోమన్నారు.

ప్రాజెక్టు ఉన్నంతకాలమే ఈ ఉద్యోగం. "యార్డు గురించి రాయడానికి యార్డు వదిలి వెళ్లాలా అమ్మా?" అని మామయ్యగారి దెప్పుడు. సర్వేకి మా కొట్టుకి మాత్రం వేరేవాళ్లని పంపుతానన్నారు మేడమ్. సబబే. కమిషన్ ఎంత పట్టుకుంటారన్న ప్రశ్న దగ్గర ఆయన కోడలికి నిజం చెబుతారని నాకూ నమ్మకం లేదు.