సెన్సర్ ఒకటి చెబుతుంది, వేలు ఇంకొకటి చెబుతుంది

వేలు గుచ్చి చూస్తే 142. అదే నిమిషంలో చేతి మీది సెన్సర్ 118 అంటుంది. ఏది నమ్మాలి? సీజీఎం (ఒంటికి అంటించుకుంటే రోజంతా షుగరు చూపుతూ ఉండే సెన్సర్) పెట్టుకున్న మొదటి వారంలో దాదాపు అందరికీ ఎదురయ్యే చిక్కు ఇదే. చాలామంది ఇక్కడే విసిగిపోయి, డబ్బు దండగ అనుకుని పక్కన పడేస్తారు. పడేసేముందు ఆ సెన్సర్ ఎక్కడ కూర్చుని ఏం కొలుస్తోందో తెలుసుకోండి. అది తెలిస్తే మిగతా తలనొప్పులు చాలావరకు ఎందుకొస్తున్నాయో బోధపడుతుంది.

గ్లూకోమీటరు కొలిచేది రక్తంలోని గ్లూకోజును. సెన్సర్‌కు రక్తంతో పని లేదు. దాని అడుగున వెంట్రుకలాంటి తీగ ఒకటి ఉంటుంది. చేతికి పెట్టుకునే కొన్ని మోడళ్లలో అది చర్మం కింద సుమారు 5 మిల్లీమీటర్ల లోతుకు దిగుతుంది. అక్కడ కణాల మధ్య ఉండే ద్రవంలో తడుస్తూ ఉంటుంది. తీగకు పూసిన ఎంజైము (చాలా మోడళ్లలో గ్లూకోజ్ ఆక్సిడేజ్) ఆ ద్రవంలోని గ్లూకోజుతో చర్య జరిపితే అతి చిన్న విద్యుత్ ప్రవాహం పుడుతుంది. గ్లూకోజు ఎంత ఎక్కువుంటే కరెంటు అంత ఎక్కువ. మనకు కనిపించే అంకె ఆ కరెంటుకు కట్టిన లెక్క. మోడలును బట్టి నిమిషానికోసారి, లేదా 5 నిమిషాలకోసారి మారుతుంది.

రక్తంలోంచి గ్లూకోజు ఈ ద్రవంలోకి చేరడానికి 5 నుంచి 10 నిమిషాలు పడుతుంది. షుగరు నిలకడగా ఉన్నప్పుడు ఈ ఆలస్యం మనకు తెలియదు. అదే నిమిషానికి 2 మి.గ్రా./డె.లీ. చొప్పున ఎక్కుతుంటే, 10 నిమిషాల వెనకబాటు అంటే 20 పాయింట్ల తేడా. పైన చెప్పిన 142, 118ల మధ్య తేడాలో పెద్ద భాగం ఇక్కడే తేలిపోతుంది.

మీటరు మాటా వేదవాక్కు కాదు. ఐఎస్ఓ 15197 ప్రమాణం ప్రకారం, షుగరు 100 లేదా అంతకు మించి ఉన్నప్పుడు ల్యాబ్ విలువకు 15 శాతం అటూ ఇటూ, 100 లోపు ఉన్నప్పుడు 15 పాయింట్లు అటూ ఇటూ చూపినా ఆ మీటరు పాసైనట్టే. అదీ నూటికి 95 రీడింగులకే. అసలు షుగరు 200 ఉంటే మీటరు 170 అన్నా 230 అన్నా ప్రమాణం ఒప్పుకుంటుంది. ఇప్పటి మంచి సెన్సర్లలో ల్యాబ్ విలువతో సగటు తేడా 8, 9 శాతం దగ్గర ఉంటుంది. అందుకే రెండు అంకెలూ అచ్చంగా కలవాలని చూడకండి. సెన్సర్ నిజంగా తప్పు చెబుతోందా అని తేల్చుకోవాలంటే తెర మీద అంకె పక్కనుండే బాణం అడ్డంగా (అంటే షుగరు నిలకడగా) ఉన్నప్పుడు, తిని కనీసం మూడు గంటలైనప్పుడు పోల్చండి. చేతులు సబ్బుతో కడిగి పూర్తిగా తుడుచుకోవాలి. వేలికి అంటిన కాస్త తీపి చాలు, మీటరు ఎన్నో పాయింట్లు ఎక్కువ చూపడానికి. శానిటైజర్ రాసుకుంటే ఆ తీపి పోదు. తడి వేలైతే రక్తం పలచబడి రీడింగు తగ్గుతుంది. 100 పైన 20 శాతం, 100 లోపు 20 పాయింట్లు దాటిన తేడా వచ్చి, గంట తర్వాత చూసినా అలాగే ఉంటే అప్పుడు సెన్సర్‌ను అనుమానించవచ్చు.

కాలిబ్రేషన్ (మీటరు అంకె ఎక్కించి సెన్సర్‌ను సరిచేయడం) ఒప్పుకునే మోడల్ అయితే చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. తేడా కనిపించగానే, బాణం పైకి ఎగబాకుతుండగానే, మీటరు అంకె కొట్టేస్తారు. పది నిమిషాల ఆలస్యాన్ని సెన్సర్ తన తప్పుగా నేర్చుకుంటుంది. ఆ తర్వాత షుగరు నిలకడపడ్డాక ఎక్కువ చూపడం మొదలుపెడుతుంది. దాన్ని సరిచేయడానికి ఇంకో కాలిబ్రేషన్, దాని మీద ఇంకోటి. బాణం అడ్డంగా ఉన్నప్పుడు ఒక్కసారి చేసి వదిలేయండి.

మొదటి 24 గంటల రీడింగులను నేను విడిగానే చూడమంటాను. తీగ దిగిన చోట చిన్న గాయమవుతుంది. శరీరం దాన్ని మాన్పుకునే పనిలో ఉంటుంది. ఆ చుట్టుపక్కల గ్లూకోజు మామూలు తీరులో ఉండదు. వార్మప్ అని కంపెనీలు చెప్పే సమయం మోడలును బట్టి 30 నిమిషాలు, 60 నిమిషాలు, 2 గంటలు. అది అంకె తెర మీదికి రావడానికి పట్టే సమయం మాత్రమే, అంకె కుదురుకోవడానికి ఇంకా పడుతుంది. పడుకోబోయే ముందు కొత్త సెన్సర్ పెట్టుకోవద్దు. రాత్రంతా లేని లో షుగరుకు అలారం మోగుతుంది. పొద్దున పెట్టుకుంటే రాత్రికి కాస్త కుదురుకుంటుంది. స్కాన్ చేస్తేనే మొదలయ్యే రకమైతే పాతది అయిపోకముందే కొత్తది రెండో చేతికి పెట్టి, కొన్ని గంటలు ఊరనిచ్చి, ఆ తర్వాత స్టార్ట్ చేయవచ్చు. అంటించగానే దానంతటదే మొదలయ్యే రకానికి ఈ వెసులుబాటు ఉండదు.

పెట్టే చోటు సంగతి. చేతి వెనక, పై భాగంలో, కండ పట్టు మీద కాకుండా కాస్త మెత్తగా ఉన్న చోటు చూడండి. మచ్చలు, పుట్టుమచ్చలు, ఇన్సులిన్ పొడిచి పొడిచి గట్టిపడిన చోట్లు వద్దు. ఇన్సులిన్ ఇచ్చే చోటుకు దూరం ఉండాలి. కొన్ని మోడళ్లకు 2.5 సెంటీమీటర్లు, కొన్నిటికి 7.5 సెంటీమీటర్లు అని ఉంటుంది. వెనకటిసారి పెట్టిన చోటే మళ్లీ పెట్టొద్దు. పెట్టేటప్పుడు కాస్త రక్తం చెమర్చితే కంగారు పడనక్కర్లేదు. ఆగకుండా కారి జిగురు కింద చేరితే మాత్రం రీడింగులు గాడి తప్పవచ్చు.

జిగురు ఊడిపోతోందని తిట్టుకునేవాళ్లలో చాలామంది చర్మం ఆరకముందే అంటించేస్తున్నారు. ముందు నూనె, లోషన్ లేని సబ్బుతో కడగాలి. వెంట్రుకలుంటే గొరగాలి. ఆల్కహాల్ స్వాబ్‌తో తుడిచి, అది పూర్తిగా ఆరిపోయేదాకా ఆగాలి. ఊదకూడదు. అంటించాక అంచుల చుట్టూ వేలితో కాసేపు గట్టిగా నొక్కి పట్టాలి. జిగురుకు ఒంటి వేడి తగిలితే పట్టు బిగుస్తుంది. చెమట ఎక్కువ పట్టేవాళ్లు పైన ఇంకో ప్యాచ్ వేసుకోవచ్చు, కానీ కొన్ని సెన్సర్లకు నడిమధ్య ఒక చిన్న రంధ్రం ఉంటుంది, దాన్ని కప్పేయకూడదు. జిగురు కింద ఉత్త దురదే కాకుండా ఎర్రబారి, బొబ్బలు లేచి, సెన్సర్ ఆకారంలోనే మచ్చ మిగిలితే అది జిగురులోని రసాయనం పడకపోవడం. ఐసోబోర్నిల్ ఆక్రిలేట్ అనే పదార్థం దీనికి బాగా తెలిసిన కారణం. ఓర్చుకుని నెట్టుకొస్తే ప్రతిసారీ ఇంకా ముదురుతుంది. చర్మ డాక్టరుకు చూపించి, వేరే జిగురున్న మోడల్‌కు మారడమే మేలు.

అందరి నిద్రా పాడుచేసేది రాత్రి రెండు గంటల అలారం. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. సెన్సర్ ఉన్న చేతి వైపు తిరిగి పడుకుంటే, ఒత్తిడికి అక్కడి ద్రవం పక్కకు జరుగుతుంది, రక్తప్రసరణ తగ్గుతుంది. తీగ దగ్గరికి కొత్తగా గ్లూకోజు రాదు. ఉన్నదాన్ని చుట్టుపక్కల కణాలు వాడేసుకుంటాయి. ఒంట్లో షుగరు 110 ఉన్నా సెన్సర్ 55 అంటుంది. గ్రాఫులో దీని రూపు వేరుగా ఉంటుంది. నిజమైన లో (షుగరు నిజంగానే తగ్గడం) ఏటవాలుగా దిగుతుంది. ఇది మాత్రం గోడ మీంచి దూకినట్టు ఒక్కసారిగా పడి, అడుగున కాసేపుండి, పక్కకు తిరిగి పడుకున్న కొద్దిసేపటికే పడినంత నిటారుగా లేస్తుంది. పొద్దున గ్రాఫు చూస్తే ఇట్టే దొరుకుతుంది. రాత్రి మాత్రం గ్రాఫు రూపును నమ్ముకుని మళ్లీ పడుకోవద్దు. వేలు గుచ్చి చూడండి. మీటరు అందుబాటులో లేకపోతే నిజమైన లో అనుకునే గ్లూకోజు తీసుకోండి. సెన్సర్‌ను చూసి ఇన్సులిన్ ఆపేసే పంపు వాడేవాళ్లకు ఇంకో చిక్కు. ఈ దొంగ లోకు పంపు ఇన్సులిన్ ఆపేస్తుంది, తెల్లవారేసరికి షుగరు నిజంగానే పైకెక్కి కూర్చుంటుంది. తీరు ఇదేనని తేలితే తర్వాతిసారి సెన్సర్‌ను చేతి వెనక నుంచి కాస్త లోపలి వైపు జరిపి పెట్టండి, లేదా మీరు పడుకోని వైపు చేతికి మార్చండి.

నిజమైన లో వచ్చినప్పుడు ఆలస్యం ఇంకోలా దెబ్బ తీస్తుంది. 15 గ్రాముల గ్లూకోజు తీసుకుని 15 నిమిషాలు ఆగమంటారు. ఆ 15 నిమిషాల తర్వాత రక్తంలో షుగరు 85కి వచ్చినా సెన్సర్ ఇంకా 58, 60 దగ్గరే తచ్చాడుతూ ఉంటుంది. వణుకుతూ, చెమటలు పడుతూ ఆ అంకె చూసిన మనిషి భయంతో ఇంకో 15, ఇంకో 15 తినేస్తాడు. గంట తర్వాత 260. ఇది క్రమశిక్షణ లేక జరిగేది కాదు, చూడకూడని చోట చూడడం వల్ల జరిగేది. లో నుంచి కోలుకున్నారా లేదా అన్నది వేలి చుక్కతోనే తేల్చుకోవాలి.

పైకి వెళ్లినప్పుడూ ఇదే. త్వరగా పనిచేసే ఇన్సులిన్ మొదలవడానికి 15 నిమిషాల వరకు, ఉధృతంగా పనిచేయడానికి గంట, గంటన్నర, పూర్తిగా దిగిపోవడానికి 3 నుంచి 5 గంటలు పడుతుంది. ప్రతి 5 నిమిషాలకూ తెర చూసే మనిషికి అంత ఓపిక ఉండదు. గంటకే ఇంకా తగ్గలేదని ఇంకో డోసు వేసుకుంటే రెండూ కలిసి మూడో గంటలో కిందికి లాగేస్తాయి. దిద్దుబాటు డోసుల మధ్య ఎంత వ్యవధి ఉండాలో మీ డాక్టరుతో ముందే మాట్లాడి పెట్టుకోండి, ఆ సమయం అయ్యేదాకా రెండో డోసు జోలికి వెళ్లకండి.

అంకె కన్నా బాణం ఎక్కువ చెబుతుందని నేను నమ్ముతాను. చాలా యాప్‌లలో అడ్డంగా ఉన్న బాణం అంటే నిమిషానికి 1 కన్నా తక్కువ మార్పు. ఏటవాలుగా ఉంటే 1 నుంచి 2. నిటారుగా ఉంటే 2 దాటింది. 110 ఉండి బాణం నిటారుగా కిందికి ఉంటే, అదే వేగంతో 20 నిమిషాల్లో 70కి చేరతారు. 75 ఉండి బాణం అడ్డంగా ఉన్న మనిషి కన్నా ఈ 110 మనిషికే ఎక్కువ తొందర ఉంది. బండి నడపబోతున్నా, వ్యాయామానికి వెళ్తున్నా ఇది చూసుకోవాలి.

మందుల సంగతి ఎవరూ ముందు చెప్పరు. విటమిన్ సి రోజుకు 500 మిల్లీగ్రాములు దాటి వేసుకుంటే కొన్ని మోడళ్లు లేని షుగరు ఉన్నట్టు చూపిస్తాయి. పారాసిటమాల్‌తో పాత మోడళ్లు కొన్ని బాగా ఎక్కువ చూపేవి. కొత్తవాటిలో కొన్ని 6 గంటలకు 1 గ్రాము వరకు తట్టుకుంటాయి. సికిల్ సెల్ జబ్బుకూ కొన్ని రక్త క్యాన్సర్లకూ ఇచ్చే హైడ్రాక్సీయూరియా వాడేవాళ్లకు కొన్ని సెన్సర్లు అసలు పనికిరావు. ఇవన్నీ రీడింగును పెంచి చూపేవి. ఆ తప్పుడు అంకెను చూసి ఇన్సులిన్ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. అందుకే మీ మోడల్ కాగితంలో మందుల భాగం ముందుగా చదవండి. ఎంఆర్ఐ, సీటీ స్కాన్ల నియమాలు కూడా అక్కడే ఉంటాయి.

ఇక ఫోను. సిగ్నల్ లాస్ అని వస్తే సెన్సర్ చచ్చిపోయిందనుకుని పీకేయకండి. బ్లూటూత్ అందేది మోడలును బట్టి 6 నుంచి 10 మీటర్లు, అదీ మధ్యలో ఏమీ అడ్డు లేకపోతే. ఒళ్లే పెద్ద అడ్డు. ఎడమ చేతికి సెన్సర్ పెట్టుకుని, ఫోను కుడి పక్కన పెట్టుకుని పడుకుంటే తెగిపోవచ్చు. ఆండ్రాయిడ్‌లో అసలు దోషి చాలాసార్లు బ్యాటరీ సేవర్. యాప్ సెట్టింగుల్లో బ్యాటరీ వాడకాన్ని అన్‌రిస్ట్రిక్టెడ్ చేయాలి, బ్లూటూత్, లొకేషన్, నోటిఫికేషన్ పర్మిషన్లు ఇవ్వాలి, డూ నాట్ డిస్టర్బ్‌ను దాటి మోగేలా పెట్టాలి. ఫోను ఆటో అప్‌డేట్ ఆపేయండి. కొత్త వెర్షన్‌తో మీ యాప్ పనిచేస్తుందని తెలిశాకే చేసుకోండి. స్కాన్ చేసి చూసే సెన్సర్లలో 8 గంటల డేటా మాత్రమే నిల్వ ఉంటుంది. తొమ్మిది గంటలు పడుకుని లేస్తే గ్రాఫులో గంట మాయం.

అలారాలన్నీ మొదటి రోజే ఆన్ చేసినవాళ్లు పదో రోజుకు అన్నీ ఆపేస్తారు. లో అలారం 70 దగ్గర ఉంచి, హై అలారం మొదట్లో 250 దగ్గర పెట్టుకోవచ్చు. అలవాటయ్యాక మెల్లగా కిందికి దించండి. షుగరు లో అయినా తెలియని స్థితి ఉన్నవాళ్లు మాత్రం లో అలారాన్ని ఇంకాస్త పైన, 80 దగ్గర, పెట్టుకోవడం గురించి డాక్టరును అడగాలి.

యాప్ చూపే జీఎంఐని హెచ్‌బీఏ1సీతో (రెండు మూడు నెలల సగటు షుగరు చెప్పే ల్యాబ్ పరీక్ష) పోల్చి కంగారు పడేవాళ్లు ఎక్కువ. జీఎంఐ కేవలం సగటు షుగరు నుంచి తీసిన లెక్క. సగటును 0.02392తో గుణించి 3.31 కలుపుతారు. సగటు 154 అయితే 7.0 వస్తుంది. ల్యాబ్ పరీక్ష ఎర్ర రక్తకణాలను ఆధారం చేసుకుంటుంది కాబట్టి రక్తహీనత ఉన్నా, ఈమధ్య రక్తం ఎక్కించుకున్నా రెండూ కలవవు.

సెన్సర్ గడువుకు ముందే చచ్చిపోతే దాన్ని పారేయకండి. ఎర్రర్ కనిపించిన తెరకు స్క్రీన్‌షాట్, పెట్టిన తేదీ, ఆగిన సమయం, పెట్టె మీది సీరియల్ నంబరు, లాట్ నంబరు, రెండు మూడు మీటరు రీడింగులు వాటి సమయాలతో సహా రాసుకుని కంపెనీ హెల్ప్‌లైన్‌కు చెప్పండి. చాలాసార్లు బదులు సెన్సర్ ఇస్తారు, కొన్నిసార్లు పాతది తిరిగి పంపమంటారు. అందుకే పెట్టె మూతను సెన్సర్ అయిపోయేదాకా దాచాలి, లేదా పెట్టుకున్న రోజే ఆ నంబర్లు ఫొటో తీసి ఉంచాలి. కొత్తది వచ్చేదాకా గుచ్చుకోవడానికి గడువు దాటని స్ట్రిప్పుల డబ్బా ఒకటి ఇంట్లో ఉండాలి.